ట్వైలా అడిగిన గంట

"ఎవర్నీ పిలవకు" అంది ట్వైలా లోపలినుంచి. గొంతు మామూలుగానే ఉంది, కాకపోతే నేలమీదనుంచి వస్తోంది. వంటింటి పక్కతలుపుకి అడుగున కుక్క దూరడానికి కోసిన చిన్న రెక్క ఉంది, మాట అందులోంచి వచ్చింది. కుక్క పోయి రెండేళ్ళవుతున్నా ట్వైలా ఆ రెక్కని మూయించలేదు. ఇర్మా బయట, కారు నిలిపే పంచలో మోకాళ్ళమీద కూర్చుని, ఈత బట్టలమీద వేసుకున్న తువ్వాలు గౌనుని మోకాళ్ళకింద మడతపెట్టుకుని, ఆ రెక్కని వేలితో కొంచెం ఎత్తింది. గచ్చుమీద పరుచుకున్న నీళ్ళు, దొర్లిపడ్డ ప్లాస్టిక్ గ్లాసు, ఒంటి చెప్పు కనిపించాయి. ట్వైలా కనిపించలేదు.

"తొంగిచూడకు. కుక్కవా నువ్వు?"

"ఎక్కడున్నావే? తలకేమైనా తగిలిందా? ఎప్పుడు పడ్డావు?"

"రాత్రి. మంచినీళ్ళకని లేచా. తల బాగానే ఉంది, అందుకే చెప్తున్నా, విను. నాకో గంట టైమివ్వు. నేనే వచ్చి తలుపు తీస్తా."

"కాలు కదులుతోందా?"

"నా కాలు సంగతి నాకు తెలుసు. జన్మంతా ఆడపిల్లలకి కాళ్ళు ఎలా కదపాలో నేర్పినదాన్ని. ఒక్క గంట, ఇర్మా. ఉంగరంతో గచ్చుమీద కొడుతూ ఉంటా. ఆ చప్పుడు వినపడినంతసేపూ నోరు మూసుకుని కూర్చో. పోయినసారిలా చేశావంటే ఇక నీ మొహం చూడను."

ఇర్మా సరే అంది. అనేసి, తలుపు పట్టుకుని ఒక మోకాలు, ఆ తర్వాత రెండో మోకాలు లేపి నిలబడ్డాక గానీ తను దేనికి సరే అన్నదో ఆమెకి తెలిసిరాలేదు. ఫోను సంచిలోనే ఉంది, ఎండకి రాసుకునే క్రీము డబ్బా పక్కన. నొక్కితే చాలు, రిటైరైనవాళ్ళ కోసమే కట్టిన ఈ ఊళ్ళో అంబులెన్సు రావడానికి కప్పులో కాఫీ చల్లారేంతసేపు కూడా పట్టదు, ఊరు కట్టినప్పుడే ఆ లెక్క చూసుకుని కట్టారు, ప్రతి వీధి చివరా అంబులెన్సు తిరగడానికి వీలుగా గుండ్రంగా కట్టారు. రాత్రి పడిందట. అంటే ఎన్ని గంటలు? ఏసీ చలికి గచ్చు ఎంత చల్లగా ఉంటుందో, ఎన్నిసార్లు లేవబోయిందో, ఎవర్నైనా పిలిచిందో లేదో, పిలవదు, ట్వైలా పిలవదు. లోపల చప్పుడు మొదలైంది. టిక్, టిక్, టిక్. వెంటనే గచ్చుమీద బట్ట రాసుకుంటూ పోతున్న చప్పుడు, చాలా నెమ్మదిగా, ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ. ఇర్మా అక్కడే ఉన్న ట్వైలా గోల్ఫు బండి ఎక్కి కూర్చుంది. ఛార్జింగు తీగకి కట్టేసి ఉన్న ఆ బండి కొట్టంలో ఆవులా సన్నగా ఏదో శబ్దం చేస్తోంది. తన బండి బయట రోడ్డువార ఎండలో ఉంది, వెనకసీట్లో ఇద్దరి రబ్బరు టోపీలూ ఉన్నాయి, కొలనులో కసరత్తు ఈపాటికి మొదలైపోయి ఉంటుంది, ఆ పాటల రికార్డు పెట్టి ఉంటారు, అందరూ ఛాతీవరకూ నీళ్ళలో నిలబడి చేతులు పైకెత్తుతూ ఉంటారు.

కాచుకు కూర్చోవడం ఇర్మాకి కొత్తేం కాదు. అయోవాలో స్కూలు బస్సు నడిపినన్నాళ్ళూ ఆమె చేసిన పని అదే, మంచులో, ఇంజను ఆపకుండా, పొలాలమధ్య ఒంటరి ఇళ్ళముందు, తలుపు తెరుచుకుని ఏదో ఒక పిల్ల కోట్లో ఒక్క చెయ్యే దూర్చి, రెండో చెయ్యి వెతుక్కుంటూ పరిగెత్తుకొచ్చేదాకా. కాస్త చూడు, రాకపోతే హారను కొట్టు, అప్పటికీ రాకపోతే వెళ్ళిపో, అదీ రూలు. రూలుంటే ఎంత సుఖం. ఆ పిల్ల ఎందుకు రాలేదో, జ్వరమో, తండ్రి తాగొచ్చాడో, అవన్నీ బస్సు మలుపు తిరిగేదాకానే, మలుపు తిరిగాక ముందు ఇంకో ఇల్లు, ఇంకో తలుపు. ఇక్కడ మలుపు లేదు. ఈ తలుపు ఒక్కటే ఉంది. దీనికి రూలు ఏమిటో ఇర్మాకి తెలియక కాదు, ఊరంతటికీ తెలుసు, చేరిన మొదటివారంలోనే అందరినీ హాల్లో కూర్చోబెట్టి, పడినవాళ్ళని కదపకండి, మాకు చెప్పండి అని తెర మీద బొమ్మలు వేసి మరీ చెప్పారు. ఆ రోజు వెనకవరసలో పక్కన కూర్చున్న పొడుగాటి మనిషి ఇర్మా చెవిలో, "వీళ్ళు చెప్పేది వింటే మనం ఇక్కడికొచ్చింది పడడానికే అనిపిస్తోంది" అంది. అదే మొదటిసారి ట్వైలాని చూడడం. మెళ్ళో విజిలు ఉంది. మిన్నెసోటాలో ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచరు, రిటైరైనా విజిలు మాత్రం రిటైరు కాలేదు అని తనే చెప్పుకుని తనే నవ్వింది, ఆ నవ్వుకి ముందువరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

టిక్, టిక్. బాగానే ఉంది. బాగానే ఉందా? ఉంగరం కొట్టగలిగితే బాగున్నట్టేనా? పోయినసారి, మార్చిలో, స్నానాలగదిలో పడింది. పొద్దున్నే ఒంటరివాళ్ళకి ఫోను చేసి పలకరించే వాలంటీర్లు ఉంటారు, వాళ్ళకి ట్వైలా ఫోను తీయలేదు, వాళ్ళు ఇర్మాని అడిగితే ఇర్మా తన దగ్గరున్న రెండో తాళంచెవి ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది? వెండెల్, ఇంకో ఆయన వెళ్ళారు. వెండెల్ అంటే ప్రతి గురువారం ట్వైలాతో పేకాడే వెండెల్, ఓడిపోయినప్పుడల్లా "టీచరమ్మా, ఫెయిల్ చేసెయ్యకు" అని చేతులు జోడించే వెండెల్. గదిలో ఆమె ఒంటిమీద నూలుపోగు లేదు, కదల్లేదు, అంతసేపూ అలాగే ఉంది, ఇంకా చెప్పకూడనివి కూడా ఉన్నాయి. వెండెల్ మంచివాడు, మొహం పక్కకి తిప్పుకుని తువ్వాలు కప్పాడు, ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాతి గురువారం పేకముక్కలు పంచుతూ ఆమెతో, "నెమ్మదిగా తల్లీ, తొందరేం లేదు, బాగా ఆలోచించుకునే వెయ్యి" అన్నాడట. ఆ రోజు ట్వైలా ఆట మధ్యలో లేచి వచ్చేసింది. "టీచరమ్మా అనలేదే, ఇర్మా. తల్లీ అన్నాడు" అంది, ఈ పంచలోనే, ఈ బండిలోనే కూర్చుని. ఇర్మాకి అప్పుడు సరిగ్గా అర్థం కాలేదు. మంచిగానే అన్నాడు కదా అంది.

అదే వారం కారిన్ ఫోను చేసింది, ట్వైలా కూతురు, డెన్వర్‌లో పళ్ళ డాక్టరు. అమ్మ బాగానే ఉంది అంటోంది, నిజం చెప్పండి ఆంటీ అని అడిగింది. ఇర్మా చెప్పింది. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే, అంతకన్నా ఏమీ చెయ్యలేదు. కారిన్ విమానమెక్కి వచ్చేసింది, తల్లిని ఉంచడానికి మూడు వృద్ధాశ్రమాలు చూసింది, ఇంకొక్కసారి పడితే ఇక మాటల్లేవమ్మా అని తల్లితో చెప్పి వెళ్ళింది. మర్నాడు ట్వైలా వచ్చి చెయ్యి చాపింది. "తాళంచెవి ఇచ్చెయ్. నీ నోట్లో నువ్వుగింజ నానదు." ఇర్మా ఇచ్చేసింది. ఆ చెవి ఉంటే ఇప్పుడు లోపలికి వెళ్ళి ఉండేది. వెళ్ళి ఏం చేసేది? తను లేపగలదా ఆమెని? తన చేతులతోనా? అయినా వెళ్ళేది. ఏప్రిలంతా, మేలో సగం మాటల్లేవు, కొలనులో చెరో పక్కన నిలబడ్డారు, ఒకరు ఎడమచెయ్యి ఎత్తితే ఇంకొకరూ ఎత్తేవారు, కసరత్తు చేయించే అమ్మాయి చెప్పింది కాబట్టి. ఆ తర్వాత ఒకరోజు ట్వైలాయే ఫోను చేసింది, హలో కూడా అనకుండా, "నీ బండిలో చోటుందా, నాది ఛార్జింగు నిలవడం లేదు" అంది. ఛార్జింగు నిలుస్తోందని ఇద్దరికీ తెలుసు. ఇర్మా ఆ రాత్రి చాలాసేపు ఒక్కతే నవ్వుకుంది.

చప్పుడు ఎటు పోతోంది? ఇర్మా తల వంచి వింది. వంటింట్లో మొదలైన టిక్‌టిక్ దగ్గరకి రావాలి, ఈ తలుపు దగ్గరకి, కానీ దూరమవుతోంది. అదిగో, ఇప్పుడు మెత్తగా వినపడింది, తివాచీ అంచుమీద కొట్టినట్టు. తలకి తగిలిందేమో. దారి తప్పిందేమో, సొంత ఇంట్లో. ఇర్మా మళ్ళీ మోకాళ్ళమీద కూలబడి రెక్క ఎత్తి అరిచింది. "ట్వైలా! తలుపు ఇటుందే! ఇటు!"

"నా ఇల్లు నాకు తెలుసు!" ఎక్కడో లోపలినుంచి, పడకగది దిక్కునుంచి, ఆయాసంతో. "నువ్వు కూర్చో!"

కూర్చుంది. ఎండ పంచ అంచు దాటి కాలివేళ్ళదాకా వచ్చింది. జూన్ నెలాఖరు, అరిజోనా ఎండ, పొద్దున్నే ఇలా ఉంటే, ఉత్తరాదినుంచి చలికాలానికి వచ్చేవాళ్ళంతా ఎప్పుడో వెళ్ళిపోయారు, వీధిలో సగం ఇళ్ళకి కిటికీ తెరలు దింపి ఉన్నాయి, కంకర ముంగిళ్ళలో కుందేళ్ళు కాక్టస్ నీడని వెతుక్కుంటున్నాయి. మిగిలినవాళ్ళు మిగిలినవాళ్ళే. కాటన్‌టెయిల్ మెసాలో ఎవరూ ముసలివాళ్ళు కారు, గేటుమీదే రాసి ఉంది, చురుకైనవాళ్ళ ఊరు అని. ఎవరూ చచ్చిపోరు కూడా. కొండవైపు వెళ్తారు. ఊరి చివర కొండకింద ఆ పొడుగాటి లేతపసుపు భవనం ఉంది, చూసుకునేవాళ్ళు ఉండే భవనం, మేవిస్ ఎక్కడ అంటే కొండవైపు వెళ్ళింది అంటారు, అని వెంటనే ముక్కలు పంచుతారు. మొదటివారం పూలు, రెండోవారం కార్డు, ఆ తర్వాత ఆమె కుర్చీలో ఒహాయోనుంచి కొత్తగా వచ్చినావిడ. ఒక్కసారే వెళ్ళారు ఇర్మా, ట్వైలా, మేవిస్‌ని చూడడానికి. పింగ్‌పాంగులో మగవాళ్ళని కూడా ఏడిపించిన మేవిస్, గుండ్రంగా కూర్చున్నవాళ్ళలో ఒకతిగా కూర్చుని, బెలూను వస్తే చేత్తో తోస్తోంది. తోసినప్పుడల్లా ఒక పిల్ల చప్పట్లు కొట్టి "భలే, మేవిస్, భలే!" అంటోంది. పిల్ల తప్పేం లేదు, ప్రేమగానే అంటోంది. తిరిగొచ్చేటప్పుడు ఇంటిమలుపు దగ్గర ట్వైలా, "నా చేతికి బెలూను ఇచ్చిన రోజున నువ్వొచ్చి నన్ను గొంతు పిసికెయ్" అంది, అని నవ్వింది, ఇర్మా కూడా నవ్వింది, నవ్వకపోతే ఏం చెయ్యాలో తెలియక.

రోడ్డుమీద బండి ఆగిన చప్పుడు. వెండెల్. వాలంటీరు టోపీ, తెల్లచొక్కా, బండిముందు చిన్న పసుపు దీపం. ఉత్తరాదికి వెళ్ళినవాళ్ళ ఇళ్ళు పొద్దున పూట తిరిగి చూస్తుంటాడు, తాళాలు సరిగా ఉన్నాయా, నీళ్ళ గొట్టాలు పగిలాయా అని.

"ఏం ఇర్మా, కొలనుకి డుమ్మా కొట్టావా? నీ బండి ఎండలో మాడిపోతోంది."

"ట్వైలా ఇంకా తయారవుతోంది."

"ఆవిడా? ఆలస్యమా?" వెండెల్ నవ్వి టోపీ వెనక్కి జరుపుకున్నాడు. "నేను రెండు నిమిషాలు లేటైతే విజిలు వేసిన మనిషి. అంతా బాగానే ఉందిగా?"

ఇదే. ఇప్పుడు చెప్పెయ్యొచ్చు, ఒక్క మాట, బాగాలేదు అంటే చాలు, ఆ తర్వాత అంతా వాళ్ళు చూసుకుంటారు, బరువు దిగిపోతుంది, అతను చెయ్యి ఎత్తి రేడియోలో చెప్తాడు, తను ఈత బట్టల్లో పక్కన నిలబడి ఉంటుంది, ఎవరూ తప్పు పట్టరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడే లోపలినుంచి, దూరంగా, టిక్, టిక్, టిక్ వినిపించింది.

"ఏంటది?" అన్నాడు వెండెల్.

"జూలై నాలుగో తారీకు ఊరేగింపుంది కదా. డాన్సు సాధన చేస్తోంది."

"ఓహో, అలా చెప్పు!" అతని మొహం వెలిగింది. "మళ్ళీ మొదలుపెట్టిందా? పాపం, మొన్న మార్చిలో... పోనీలే. మంచిదే, మంచిదే. నేను విన్నానని చెప్పకు, సిగ్గుపడుతుంది." వేలు పెదాలమీద పెట్టుకుని, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఇర్మా అతని పసుపు దీపం మలుపు తిరిగేదాకా చూసింది. సిగ్గుపడుతుందట. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చింది, ఎంత చక్కగా సరిపోయింది! చెప్పులకింద ఇనపరేకులు వేసుకుని టకటకలాడించే ఆ డాన్సు జట్టుని పెట్టిందే ట్వైలా, ఆమె పడ్డాక జట్టువాళ్ళంతా ఎంతో మర్యాదగా నువ్వు కుర్చీలో కూర్చుని తాళం చెప్పు, మాకు నీ గొంతే బలం అన్నారు. ఆమె ఒక్కరోజు చెప్పింది. రెండోరోజు వెళ్ళలేదు. ఇప్పుడు నేలమీద పాక్కుంటూ ఉంగరంతో కొడుతుంటే అది డాన్సని నమ్మి ఒకాయన సంతోషపడి వెళ్ళిపోయాడు. ఇర్మాకి నవ్వొచ్చింది, నవ్వు రాగానే కళ్ళు మండాయి, చెమటో క్రీమో కళ్ళలోకి దిగింది.

ఇర్మా భర్త నార్బర్ట్ అయితే ఏమీ అడగలేదు. గోల్ఫు మైదానంలో బంతి తీసుకోవడానికి వంగాడు, వంగినవాడు లేవలేదు, అంతే, తను ఆ సమయానికి ఇంట్లో పీచు పళ్ళ రొట్టె పొయ్యిలో పెడుతోంది. అందరూ వచ్చి అదృష్టవంతుడు అన్నారు. ఏం చావు, మాకూ అలాంటిదే రావాలి అన్నారు, పరామర్శకి వచ్చారో అభినందించడానికి వచ్చారో తెలియలేదు. నలభైయేళ్ళు పక్కన పడుకున్న మనిషి, ఒక్కమాట, ఎవర్నైనా పిలవమనో, పిలవొద్దనో, నీళ్ళిమ్మనో, ఏదో ఒకటి అడిగి ఉంటే బాగుండేదని ఎవరితో అంటుంది? అన్నా నవ్వుతారు. ఇప్పుడు ఒకతి అడిగింది. గంట అడిగింది. ఇంత చిన్న సంగతి అడిగితే కాదనడం ఎలా, కానీ అది చిన్న సంగతేనా, ఎముక విరిగి ఉంటే, విరిగినదాన్ని ఈడ్చుకుంటూ ఉంటే, ఒక్కో జానెడూ ఇంకాస్త పాడవుతుంటే, తను ఇక్కడ నీడలో కూర్చుని మాట నిలబెట్టుకుంటోంది. మాట నిలబెట్టుకోవడమా, భయమా? మళ్ళీ రెండు నెలలు కొలనులో అవతలి పక్కన నిలబడతారనే భయం కాదా ఇది? ట్వైలా మాట్లాడకపోతే ఈ ఊళ్ళో తనకి ఎవరున్నారు? పలకరించేవాళ్ళు వందమంది ఉన్నారు. అంతకన్నా అసలు సంగతి ఇంకోటి ఉంది, దాన్ని తలుచుకోకూడదనుకుంటూనే తలుచుకుంది. మే నెలలో ఒకరోజు దుకాణంనుంచి వస్తుంటే ఒక్క క్షణం లోకమంతా తెల్లగా అయిపోయింది, కళ్ళు తెరిచేసరికి బండి గన్నేరు పొదలో ఉంది. కుందేలు అడ్డొచ్చింది అని చెప్పింది అందరికీ. నమ్మారు, ఇక్కడ కుందేళ్ళకేం తక్కువ. ఎడమచేతి చివరి రెండువేళ్ళు అప్పటినుంచీ సరిగా మాట వినడం లేదు. డాక్టరుకి చెప్పలేదు. ట్వైలాకీ చెప్పలేదు. తనూ పడే రోజు వచ్చినప్పుడు తన తలుపు దగ్గర ఎవరు కూర్చుంటారు, ఎంతసేపు కూర్చుంటారు? ఎవరైనా కూర్చుంటారా, వెంటనే ఫోను తీస్తారా? తనైతే ఏం కోరుకుంటుంది? ఒకసారి ఇదీ, ఒకసారి అదీ అనిపించింది.

చప్పుడు లేదు.

ఎప్పట్నుంచి లేదు? తను వెండెల్ గురించి, నార్బర్ట్ గురించి ఆలోచిస్తున్నప్పుడు ఆగిపోయిందా? ఇర్మా ఊపిరి బిగబట్టి వింది. ఏసీ యంత్రం రొద, పక్క వీధిలో ఆకులు ఊడ్చే మోటారు, గోల్ఫు బండి గురక. ఉంగరం లేదు, బట్ట రాపిడి లేదు. కొంచెంసేపు చూడు. చూసింది. ఎండ ఇంకో గచ్చుబిళ్ళ ఎక్కింది. మోకాళ్ళమీద వంగడానికి ఈసారి ఒళ్ళు సహకరించలేదు, తలుపుకి వీపు ఆనించి జారుతూ కింద కూర్చుంది, తలుపు సెగలు కక్కుతోంది, రెక్క ఎత్తింది. "ట్వైలా." మొహం ఇంకా కిందకి వంచింది. "ట్వైలా, పలకవే." లోపలినుంచి చల్లటి గాలి చేతిమీద తగిలింది, ఇంటి వాసన, కాఫీ గింజలు, కుక్క పాతపరుపు, ఆమె రాసుకునే యూకలిప్టస్ నూనె. "ఒసేయ్, నేను పిలుస్తున్నా. నీకు చెప్పే పిలుస్తున్నా. నా మొహం చూడకపోతే చూడకు, బతికుండి చూడకుండా ఉండు." సంచిలోంచి ఫోను తీసింది. ఎడమచేతి వేళ్ళు మాట వినలేదు, కుడిచేత్తో పట్టుకుంది, అద్దంమీద క్రీము అంటుకుని అంకెలు జారాయి, అంబులెన్సు నంబరు 911లో తొమ్మిది నొక్కింది, ఒకటి నొక్కింది.

టిక్.

అంతే, ఒక్కటే. కానీ దగ్గరగా, గోడకి అవతలే. తర్వాత బట్ట రాపిడి, తర్వాత ఒక మూలుగు, ఆ మూలుగు ట్వైలా గొంతులో ఇర్మా ఎప్పుడూ వినలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుంది. వేలు ఇంకా ఆ అంకెమీదే ఉంది. నొక్కాలి. నొక్కలేదు. లోపల ఏదో తలుపుకి తగిలింది, భుజమో తలో, ఇద్దరికీ మధ్య ఇప్పుడు చెక్క ఒక్కటే ఉంది, ఇటు ఇర్మా వీపు, అటు ఆమె ఆయాసం. గడియ కదిలింది, జారింది, మళ్ళీ కదిలింది. ఇర్మా పక్కకి జరిగింది. తలుపు జానెడు తెరుచుకుంది.

ట్వైలా గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. ఉతికిన నీలంచొక్కా, బొత్తాలు ఒక కాజా తప్పి పెట్టుకుంది. జుట్టు దువ్వి ఉంది. పెదాలకి రంగు వేసుకుంది, కింది పెదవి దగ్గర గీత దాటింది. నడుమునుంచి కిందకి పడకమీది పూలదుప్పటి చుట్టుకుంది, దాని అంచులోంచి కుడిపాదం బయటికొచ్చి ఉంది, అది పాదాలు ఉండాల్సిన దిక్కున లేదు, పక్కకి ఒరిగిపోయి ఉంది. ఆ పాదం చూడగానే ఇర్మాకి అంతా తెలిసిపోయింది. ట్వైలాకి మొదట్నుంచీ తెలుసని కూడా తెలిసిపోయింది. లేవడానికి అడగలేదు ఆ గంట. నడవడానికీ, పడ్డ సంగతి దాచడానికీ కాదు. పడకగదిదాకా పాక్కుంటూ వెళ్ళింది, తడిసిన బట్టలు విప్పింది, తుడుచుకుంది, దువ్వుకుంది, మళ్ళీ పాక్కుంటూ వచ్చింది, ఆ కాలితో.

"ఇప్పుడు పిలువు" అంది ట్వైలా. ఒళ్ళంతా వణుకుతోంది, గొంతు మాత్రం వణకడం లేదు. "తలుపు తియ్యబోతూ పడ్డానని చెప్పు. నీకు తలుపు తియ్యబోతూ. ఇప్పుడే."

"సరే" అంది ఇర్మా, రెండోసారి. ఫోను నొక్కింది. చిరునామా చెప్పింది. గిన్నెలో చల్లనీళ్ళు తెచ్చి రుమాలు ముంచి పెదాలు తడిపింది, రంగు చెదరకుండా. చొక్కా బొత్తాలు విప్పి సరిగా పెట్టింది.

అంబులెన్సువాళ్ళు వచ్చారు, ఒక అమ్మాయి, ఒక లావుపాటి కుర్రాడు, సంచులు, మనిషిని మోసే పలక. అమ్మాయి గచ్చుమీద కూర్చుని ట్వైలా చెయ్యి పట్టుకుంది. "ఎలా పడ్డారు మేడం? ఎంతసేపైంది?"

"ఇప్పుడే. స్నేహితురాలికి తలుపు తియ్యబోయి."

అమ్మాయి వంటింటి వైపు చూసింది, అక్కడ ఆరిపోయిన నీళ్ళ మరక, దొర్లిన గ్లాసు, చెప్పు. హాలు పొడుగునా తివాచీమీద ఈడ్చిన జాడ. ఇర్మా వైపు తిరిగింది. "మీరు చూశారా పడడం? ఖచ్చితంగా తెలియాలి మాకు. గంటలకొద్దీ కిందే పడి ఉంటే కండ చితికి దాని విషం మూత్రపిండాల్లోకి దిగుతుంది. అలా అయితే మందు వేరే ఉంటుంది."

ట్వైలా ఇర్మానే చూస్తోంది. బతిమాలడం లేదు. బెదిరించడమూ లేదు. విజిలు వేసే మనిషి కళ్ళు కావు అవి, ఊరికే చూస్తున్నాయి, ఈమె ఏం చేస్తుందో చూద్దామన్నట్టు. మార్చిలో కారిన్ అడిగినప్పుడు ఆలోచించలేదు ఇర్మా, నీళ్ళు పల్లానికి పోయినట్టు మాట పోయింది. ఇప్పుడు ఆలోచించింది. ఎన్ని అబద్ధాలైనా చెప్పగలనని పొద్దున్నే తెలిసింది కదా, వెండెల్‌తో ఎంత చక్కగా చెప్పింది, ఇంకొక్కటి చెప్తే ఏం పోయింది, దువ్విన జుట్టూ పెదాల రంగూ నిలబడతాయి, ఆమె గంట ఆమెకి దక్కుతుంది. మూత్రపిండాలు. మందు వేరే ఉంటుంది.

"రాత్రి పడింది" అంది ఇర్మా. "రాత్రంతా కిందే ఉంది. నేనొచ్చి గంటపైనే అయింది. వెంటనే పిలవలేదు. బయట కూర్చున్నాను."

కుర్రాడు తలెత్తి ఇర్మాని చూశాడు. అమ్మాయి చూడలేదు, అప్పటికే సూదికి గొట్టం తగిలిస్తోంది. ట్వైలా మొహం గోడకి తిప్పుకుంది. పలకమీదకి ఎత్తేటప్పుడు అరిచింది, ఒక్కసారే, ఆ తర్వాత పళ్ళు బిగబట్టుకుంది, మొహం మాత్రం ఇటు తిప్పలేదు. పంచలోంచి రోడ్డుమీదకి ఎండలోకి తీసుకెళ్ళారు. ఎదురింటి కిటికీ తెర కొంచెం పక్కకి జరిగింది. మలుపులో పసుపు దీపం బండి ఆగి ఉంది, వెండెల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, దగ్గరకి రాలేదు. ఇర్మా సంచి భుజాన వేసుకుని, రబ్బరు చెప్పులతో, తువ్వాలు గౌను ముడి జారిపోతుంటే పట్టుకుంటూ వెనకే నడిచింది, ఎందుకు నడుస్తోందో తెలియకుండానే.

"మీరు ఆవిడకి ఏమవుతారు?" అన్నాడు కుర్రాడు, అంబులెన్సు తలుపు మీద చెయ్యి పెట్టి. "ఇంట్లోవాళ్ళనే ఎక్కనిస్తాం."

ఏమవుతుంది తను? ఏమీ కాదు అనబోయింది.

"ఎక్కించుకో" అంది ట్వైలా లోపలినుంచి, పైకప్పు వైపు చూస్తూ. "ఆవిడకి బట్టలు కూడా లేవు ఒంటిమీద, ఎండలో నిలబెడతావా?"

ఇర్మా ఎక్కింది. లోపల చిన్న బల్ల ఉంది, దానిమీద కూర్చుంది, మోకాళ్ళు పడక అంచుకి తగిలాయి. తలుపులు మూశారు. బండి వీధి చివర గుండ్రంగా తిరిగింది.

"నీతో మాట్లాడను" అంది ట్వైలా.

"సరే."

"ఇవాళంతా మాట్లాడను."

"సరే అన్నాగా."

"కారిన్‌కి ఫోను నేనే చేస్తా. నువ్వు చెయ్యకు."

"చెయ్యను."

ట్వైలా కళ్ళు మూసుకుంది. అంబులెన్సు గేటు దాటి పెద్దరోడ్డెక్కింది. కాసేపయ్యాక, కళ్ళు తెరవకుండానే, "ఎంతసేపు కూర్చున్నావే ఆ ఎండలో?" అంది.

"నువ్వు అడిగినంతసేపు" అంది ఇర్మా.